నా చేతి కొలత

జింకల వేట మొదలయ్యే ముందు రోజు మా ఇంట్లో పొయ్యి మీద ఏదీ వేయించకూడదు. ఉల్లిపాయలు వేగిన వాసన గానీ, బేకన్ అనే పంది మాంసం కొవ్వు వాసన గానీ మా ఆయన రస్సెల్ బట్టలకి పట్టిందంటే అడవిలో జింక అల్లంత దూరం నుంచే పసిగట్టి పారిపోతుందట. అందుకని ఆ వారమంతా అతని వేట బట్టలు వాసన లేని సబ్బుతో ఉతికి, వెనక వరండాలో గాలికి ఆరేసి, దేవదారు రెమ్మలతో కలిపి ప్లాస్టిక్ సంచిలో మూట కట్టడం నా పని. నేను సెంటు రాసుకోకూడదు. తలకి మామూలు షాంపూ పెట్టుకుంటే అతని పక్కన పడుకోకూడదు. "ఈ వారం మాత్రం నీ చేతి వంట ఎంత బాగుంటే నాకంత నష్టం, బంగారం," అని నవ్వుతాడు. పెళ్ళైన కొత్తలో నేనూ నవ్వేదాన్ని. జింక ముక్కుకి ఏది నచ్చుతుందో ఏది నచ్చదో అంత లోతుగా ఆలోచించే మనిషి దొరకడం అదృష్టమే అనుకునేదాన్ని.

ఆ శనివారం తెల్లవారకుండానే బండెక్కి వెళ్ళిపోయాడు. చల్లటి టర్కీ మాంసం పెట్టిన రొట్టెలు, కాఫీ ఫ్లాస్కు నేనే కట్టిచ్చాను. తరవాత నా పనికి తయారయ్యాను. నేను ఇళ్ళు అమ్మిపెడతాను. మిస్సోరి కొండల్లో మా ఊరు చిన్నదే గానీ, పట్నాల నుంచి వచ్చి పాత ఫారం ఇళ్ళు కొనుక్కునేవాళ్ళకి కొదవ లేదు. అమ్మకానికి పెట్టిన ప్రతి ఇంటి ముందూ నా ఫొటో ఉన్న బోర్డు ఉంటుంది. "రోండాకి ఫోన్ చేయండి" అని రాసి, పక్కన నా మొహం నవ్వుతూ ఉంటుంది. ఆ నవ్వు నాది కాదు, మా కంపెనీ యజమాని డెన్నిస్‌ది. ఫొటో తీయించిన రోజు పక్కనే నిలబడి, "ఇంకొంచెం నవ్వమ్మాయ్, ఇల్లు కొనేది మగాడు, బోర్డు చూసేది కూడా మగాడే," అన్నాడు. అప్పటికి నాకు నలభై దాటాయి, అయినా అతనికి నేను అమ్మాయినే.

స్కర్టు వేసుకుని, ఎత్తు మడమల చెప్పులు తొడుక్కుని, భుజాన తగిలించుకున్నాక పర్సు తేలిగ్గా అనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది. పిస్తోలు ఇనప్పెట్టెలోనే ఉండిపోయింది.

ఆ పిస్తోలు కథ చెప్పాలి. పోయినసారి మా పెళ్ళిరోజుకి రస్సెల్ ఇచ్చిన కానుక అది. పొట్టి గొట్టం, గులాబీ రంగు పిడి ఉన్న బుల్లి రివాల్వరు. పెట్టెకి రిబ్బను కూడా కట్టించాడు. "ఖాళీ ఇళ్ళల్లో ఒక్కదానివే తిరుగుతావు, నాకు భయంగా ఉంటుంది. చూడు, నీ చేతికి బొమ్మలా ఎంత ముద్దుగా ఉందో," అన్నాడు. అతని భయం నిజమే, ప్రేమా నిజమే, ఆ సంగతి నేనెన్నడూ కాదనను. రోజూ సాయంత్రం నా పర్సులోంచి దాన్ని తీసి, నడవా చివర నిలువెత్తున నిలబడి ఉన్న తన ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు. పొద్దున్న తీసి, పిల్లదాని సంచిలో టిఫిను డబ్బా పెట్టినట్టు, నా పర్సులో పెట్టి జిప్పు లాగేవాడు. ఆ ఇనప్పెట్టెలో అతని తుపాకులున్నాయి, ఇంటి దస్తావేజు ఉంది, మా అమ్మ ఉంగరమూ నా పాస్‌పోర్టూ ఉన్నాయి. దాని నంబరు మాత్రం అతని తలలో ఉంది. ఒకటి రెండు సార్లు అడిగాను. "నంబర్లు నీకు గుర్తుండవు బంగారం, కావలసినప్పుడు అడుగు, నేను తీసిస్తాగా," అన్నాడు. అమ్మకానికున్న ప్రతి ఇంటి తలుపుకీ తాళంచెవి పెట్టే ఒక చిన్న డబ్బా వేలాడుతుంది, దానికొక నంబరు. మా ఊళ్ళో అలాంటి ఇళ్ళన్నిటి నంబర్లూ నిద్రలో లేపి అడిగినా తప్పు లేకుండా చెప్తాను. ఆ మాట అప్పుడు అనాలని నాకు తోచలేదు. తోచినా అనేదాన్ని కాదేమో, నోట్లో నాలుక లేని కోడలని మా అత్తగారు మార్వా మెచ్చుకునే రోజులవి.

రస్సెల్‌కి ఫోన్ చేశాను. పలకలేదు. చెట్టు మీద మంచె కట్టుకుని కూర్చున్న మనిషి ఫోను ఆపేసుకోడూ మరి! వేచి ఉండడానికి టైము లేదు, కొనేవాళ్ళు వస్తున్నారు. అలాగే బయల్దేరాను.

ఊరికి దూరంగా, గుట్ట కింద ఉన్న తెల్ల ఇల్లు అది. వచ్చింది ఒక్కడే మనిషి. భార్య తరవాత వస్తుందన్నాడు. పేరు ఏదో చెప్పాడు, అది అబద్ధమని తరవాత తెలిసింది. నన్ను చూడగానే, "బోర్డు మీద కన్నా ఇలానే బాగున్నారు," అన్నాడు. నేను నవ్వాను. మా పనిలో ఆ మాటకి నవ్వడం కూడా జీతంలో భాగమే. గదులన్నీ చూపించాను. పైకప్పు గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు, నీళ్ళ గురించి అడగలేదు. వంటింట్లో నిలబడి, "కింద గదిలో నీళ్ళ హీటరు ఉంటుంది కదా, అది చూడాలి. మీరే దారి చూపించండి," అన్నాడు. మాకు మొదట నేర్పే పాఠం అదే. అమ్మేవాళ్ళు ముందు నడవాలి, దీపాలు వెయ్యాలి, ఇంటికి వచ్చినవాడిని దొరలా వెనక రానివ్వాలి. ముందు నడిచాను. నేలగదిలోకి దిగి దీపం వేసి వెనక్కి తిరిగేసరికి అతను మెట్ల మధ్యలో కూర్చుని ఉన్నాడు. పైన తలుపు మూసేసి ఉంది.

"హీటరు ఇక్కడుంది, రండి," అన్నాను.

"తొందరేముంది? కాసేపు కూర్చుందాం. మీ గురించి చెప్పండి."

ఆ గదికి ఇంకో దారి లేదు. పర్సులో చెయ్యి పెట్టాను. లిప్‌స్టిక్, తాళంచెవులు, పిప్పరమెంటు బిళ్ళల డబ్బా. అతను నా చేతి వంకే చూస్తూ నవ్వాడు. "మీ ఊళ్ళో ప్రతి ఆడదాని పర్సులోనూ ఒకటుంటుందని విన్నాను. ఉంటే తీసేవారు కదా ఈపాటికి," అన్నాడు. ఏదో బజార్లో బేరమాడుతున్నంత నెమ్మదిగా అన్నాడు. అంత భయంలోనూ, పర్సులోంచి చెయ్యి తీస్తే ఖాళీ అని తెలిసిపోతుందన్న ఒక్క ఆలోచనతో చెయ్యి అలాగే ఉంచుకున్నాను. అతను ఒక మెట్టు కిందికి దిగి మళ్ళీ కూర్చున్నాడు.

అప్పుడు వంటింటి తలుపు దగ్గర ఎవరో దబదబా బాదారు. "ఇంట్లో ఎవరైనా ఉన్నారా అండీ? మేం కొట్టిన జింక పరిగెత్తుకొచ్చి మీ పొలంలో పడింది. వచ్చి తీసుకోవచ్చా?" మా వైపు దెబ్బ తిన్న జింక వేరేవాళ్ళ నేలలోకి పోతే, ఇంటివాళ్ళని అడగకుండా కాలు పెట్టకూడదు. అడక్కుండా వెళ్తే కేసే. నేను గొంతు చిరిగేలా అరిచాను. "రండి! తలుపు తీసే ఉంది! లోపలికి రండి, నేలగదిలోకి రండి!" జింక పొలంలో పడితే నేలగదిలోకి ఎందుకు రమ్మంటోందో ఆ మనుషులకి అర్థమై ఉండదు, అయినా వచ్చారు, వేటగాళ్ళు వేసుకునే నారింజ రంగు కోట్లతో, బురద బూట్లతో. మెట్ల మీది మనిషి లేచి పక్కకి తప్పుకుని, "ఇల్లు బాగుంది, ఆలోచించుకుని చెప్తాను మేడం," అని వాళ్ళ మధ్యలోంచి వెళ్ళిపోయాడు.

రిపోర్టు రాసుకోవడానికి వచ్చిన కుర్ర పోలీసు డిప్యూటీ మంచివాడే. "ముట్టుకున్నాడా అండీ?" అని అడిగాడు. లేదన్నాను. "తిట్టాడా? బెదిరించాడా?" లేదన్నాను. "మరేం చేశాడండీ?" అన్నాడు. "మెట్ల మీద కూర్చున్నాడు," అన్నాను. నా చెవులకే ఆ మాట ఎంత చిన్నగా వినిపించిందో! అది నేరం కాదని అతను నాకు మర్యాదగానే చెప్పాడు.

సాయంత్రం రస్సెల్ పెద్ద కొమ్ముల జింకని బండిలో వేసుకుని హుషారుగా వచ్చాడు. దాన్ని షెడ్డులో వేలాడదీస్తుండగా చెప్పాను. అతని చేతులు వణికాయి, నేను చూశాను. ఆ వణుకుతోనే ఆగి ఉంటే, దగ్గరికి తీసుకుని ఉంటే, ఈ కథ వేరేలా ఉండేదేమో. కానీ వణుకు అతని నోటికి వచ్చేసరికి కోపమైంది.

"పిస్తోలు కొనిచ్చానుగా! ఎందుకు తియ్యలేదు?"

"అది నీ ఇనప్పెట్టెలో ఉంది."

"అడిగితే ఇచ్చేవాణ్ణి కదా!"

"నువ్వు చెట్టు మీద ఉన్నావు, రస్సెల్."

అతను జింక వైపు తిరిగి, "మానెయ్ ఆ పని. నా సంపాదన చాలదా మనకి?" అన్నాడు. సోమవారం డెన్నిస్ కూడా ఇంచుమించు అదే అన్నాడు, తేనె పూసి. "కొన్నాళ్ళు ఆఫీసులో ఫోన్లు చూసుకోమ్మాయ్. ఇళ్ళు చూపించడానికి మగపిల్లాణ్ణి పంపిస్తాలే." ఫోన్లు చూసుకుంటే అమ్మకంలో వాటా రాదు. పన్నెండేళ్ళు ఈ కొండల్లో తిరిగి కట్టుకున్న పేరు నాది. ఏ ఇంటి కింద రాయి ఉందో, ఏ బావి ఆగస్టులో ఎండుతుందో నాకు తెలుసు. ఎవడో మెట్ల మీద కూర్చున్నందుకు నేను కుర్చీలో కూర్చోవాలట. ఆ తెల్ల ఇల్లు నేనే అమ్ముతాను అని ఆ రోజు నిశ్చయించుకున్నాను. ఎలాగో ఇంకా తెలియదు.

నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ భోజనానికి అందరూ మా ఇంటికే వచ్చారు. రెండు రోజులు నేను వండాను. టర్కీ కోస్తూ మగవాళ్ళు నాకు తుపాకీ ఎంచారు. మా మరిది పెద్ద తూటా ఉండాలన్నాడు, ఒక్క దెబ్బకే పడాలట. మామగారు రివాల్వరును మించింది లేదన్నారు. రస్సెల్, ఇప్పుడున్నదే బంగారంలా ఉందనీ, దానికి లేజరు దీపం పెట్టిస్తే చాలనీ అన్నాడు. గ్రేవీ గిన్నె పట్టుకుని ఒక్కొక్కరికీ వడ్డిస్తూ తిరుగుతున్నాను నేను. పెళ్ళికూతుర్ని వదిలేసి పెళ్ళివారు చీర బేరం చేసుకున్నట్టుంది. చివరికి మార్వా మూతి తుడుచుకుని, "నేను డెబ్భై ఏళ్ళు ఏ పిస్తోలూ లేకుండానే బతికానమ్మా. పరాయి మగాళ్ళతో ఖాళీ ఇళ్ళల్లోకి వెళ్ళలేదు మరి," అంది. ఎవరైనా ఏదైనా అంటారేమోనని చూశాను. రస్సెల్ ఇంకొంచెం గ్రేవీ అడిగాడు.

ఆ వారంలోనే తుపాకుల దుకాణానికి ఒక్కదాన్నే వెళ్ళాను. కౌంటరు వెనక మనిషి నన్ను దాటి నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని తలుపు వైపు చూశాడు. "మీవారికి కానుకా అమ్మా?" నాకే అన్నాను. వెంటనే ఊదా రంగువి, నెమలి కంఠం రంగువి తీసి అద్దం మీద పరిచాడు. అన్నీ చిన్నవే, ముద్దువే. పక్కన నల్లగా, మామూలుగా ఉన్నదాన్ని చూపించి అడిగితే, "అది మీకు బరువైపోతుంది. పైన స్లైడు కూడా లాగలేరు, ఆడవాళ్ళ మణికట్టుకి రాదు. ఒకసారి మీవారిని తీసుకురండి, మాట్లాడి మంచిది చూద్దాం," అన్నాడు. స్లైడంటే పిస్తోలు పైనుండే ఇనప తొడుగు, దాన్ని వెనక్కి లాగి వదిలితే గానీ తూటా గొట్టంలోకి ఎక్కదు. పట్టుకుని లాగాను. నిజంగానే రాలేదు. "చెప్పానా?" అన్నట్టు అతను దాన్ని తీసుకుని పెట్టేశాడు. కారులో కూర్చుని ఏడ్చాను. భయంతో కాదు, ఒళ్ళు మంటతో.

ఓపల్ గురించి నాకు చెప్పింది మా చర్చిలో పియానో వాయించే ఆవిడ. జిల్లా జైల్లో ఆడ ఖైదీల కాపలాగా జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి. పాత సున్నపురాయి క్వారీలో మంగళవారం మధ్యాహ్నాలు ఆడవాళ్ళకి కాల్చడం నేర్పుతుంది. జుట్టు ముగ్గుబుట్ట, నోరు మాత్రం కత్తెర. నేను గులాబీ రివాల్వరు తీసి బల్ల మీద పెట్టగానే కళ్ళజోడు సర్దుకుంది.

"ఇది ఎవరు ఎంచారు పిల్లా?"

"మా ఆయన."

"కాల్చి చూశావా ఎప్పుడైనా?"

లేదన్నాను. ఏడాదిపాటు పర్సులో మోసి ఒక్కసారీ కాల్చలేదని చెప్పడానికి సిగ్గేసింది. ఆవిడ చెవులకి మూతలు ఇచ్చి, ఎదురుగా అట్ట బొమ్మ చూపించింది. ట్రిగ్గరు నొక్కాను. కదల్లేదు. ఇంకా గట్టిగా నొక్కితే పిస్తోలంతా ఊగి, పేలింది. చెయ్యి తేలు కుట్టినట్టు చురుక్కుమంది. తూటా అట్ట దరిదాపుల్లోకి కూడా పోలేదు. ఆ రోజు అది పర్సులో ఉన్నా ఇంతే. ఏడాదిపాటు నా ధైర్యమని మోసుకు తిరిగింది ఇదా?

"చిన్న చేతికి చిన్న తుపాకీ అని ఎవడు చెప్పాడో గానీ, వాడి చేతిలో ఇది పేలి ఉండదు," అంది ఓపల్. "తేలికపాటిది ఎదురు తన్నుతుంది. కాస్త బరువుంటే ఆ బరువే సగం దెబ్బ తింటుంది. మెత్తటి మనిషికి పనికిరాని పిస్తోలు అంటగడతారు, తరవాత మనకే చేతకాదంటారు. ఏదీ, చెయ్యి చూపించు."

చాచాను. తన అరచెయ్యి నా అరచేతికి ఆనించి చూసింది. వేళ్ళ పొడవు చూసింది, బొటనవేలు ఎంత దూరం సాగుతుందో చూసింది. పెళ్ళిలో ఉంగరం తొడగడానికి తప్ప నా చెయ్యి కొలత ఎవరూ చూడలేదు. అట్లు పొయ్యగలదా, ఉతకగలదా అని చూశారు. ఎంత పొడుగో చూడలేదు. రెండో చేత్తో కళ్ళు తుడుచుకున్నాను. ఓపల్ అది చూసి, "ఏడుపు తరవాత, ముందు పని," అంది.

బల్ల మీద తనవీ, అక్కడికొచ్చే ఆడవాళ్ళవీ రకరకాల పిస్తోళ్ళున్నాయి. స్లైడు సంగతి ముందు చూపించింది. "లాగకు. లాగితే ఏడిపిస్తుంది. పై తొడుగు ఎడం చేత్తో గట్టిగా పట్టుకో, దాన్ని అక్కడే ఉంచు. కుడిచేత్తో పిడిని ముందుకి తొయ్. బీరువా తోస్తావే ఇల్లు తుడిచేటప్పుడు, అలాగ. గొట్టం మాత్రం అట్ట వైపే." తోశాను. టక్కున వచ్చింది. మళ్ళీ చేశాను, మళ్ళీ వచ్చింది. నా మణికట్టులో లోపం ఏమీ లేదు. చెప్పేవాడు తన చేతికి వచ్చిన పద్ధతే చెప్పాడు, అది నాకు రాకపోతే నాకు చేతకాదన్నాడు. ఇంకా ఎన్నిటిలో ఇలా జరిగిందో అని ఆ మధ్యాహ్నమంతా ఆలోచిస్తూనే ఉన్నాను. కారు రివర్సు చెయ్యడం, ఇంటి లోను మాట్లాడడం, బల్ల దగ్గర అత్తగారికి జవాబు చెప్పడం.

రెండు మంగళవారాలు పట్టింది ఎంచుకోవడానికి. ఒకటి చూడ్డానికి నాజూగ్గా ఉంది, తూటాలు అడ్డంపడి మధ్యలో ఆగిపోయేది. "అందగాడే గానీ అవసరానికి రాడు, అవతల పెట్టు," అంది ఓపల్. ఇంకొకటి పిడి లావు, నా వేలు ట్రిగ్గరు దాకా సరిగ్గా అందలేదు. చివరికి నా చేతికి కుదిరింది నల్లగా, ఏ సింగారమూ లేకుండా, ఆ దుకాణం మనిషి బరువన్న రకమే. వేలు తిన్నగా ట్రిగ్గరు మీద పడింది. అయినా ఓపల్ వెంటనే ఒప్పుకోలేదు. రోజూ దగ్గరుంచుకునే తూటాలే పెట్టి, ఆ వారమంతా కాల్పించింది. ఎండలో, వానలో, చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నప్పుడు. అది ఒక్కసారీ మొరాయించలేదు. "నమ్మకమంటే ఇదే. ముద్దుగా ఉండడం కాదు, పిలిస్తే పలకడం," అంది. తన స్నేహితురాలి ద్వారా అదే రకం నాకు ఇప్పించింది. గులాబీ రివాల్వరుని బదులుగా ఇచ్చేశాను.

పర్సులో పెట్టుకోనివ్వలేదు. "దొంగ ముందు లాక్కునేది పర్సే. దుకాణంలో సరుకుల బండిలో పర్సు పెడితే, పసిపిల్ల చెయ్యి ముందు పోయేదీ అందులోకే. ఒంటిమీద ఉండాలి, ట్రిగ్గరు మూసి ఉండే ఒరలో ఉండాలి, లేదా తాళంలో ఉండాలి. మధ్యలో ఇంకెక్కడా ఉండకూడదు." ఒర నడుముకి ఉండాలంటే గట్టి బెల్టు కావాలి. బెల్టు కావాలంటే ప్యాంటు కావాలి. ఆడవాళ్ళ ప్యాంట్లకి బెల్టు దూర్చే లూపులు కూడా పేరుకే కుడతారు, అందుకని పని బట్టల దుకాణంలో మందపాటివి కొన్నాను. ప్యాంటు కింద మడమ చెప్పులు కుదరవు, బూట్లు కొన్నాను. పైన నడుము దాటే కోటు. అద్దంలో చూసుకుంటే బోర్డు మీది ఆడమనిషి కాదు. పరిగెత్తగలిగే మనిషి. ఆ మనిషి నాకు నచ్చింది.

డెన్నిస్‌కి నచ్చలేదు. "ఏంటమ్మాయ్ ఈ వేషం? పశువుల కొట్టం కడుగుతావా, ఇల్లు చూపిస్తావా?"

"తెల్ల ఇల్లు చూపిస్తాను," అన్నాను. "ఇకనుంచి ఎవరైనా ముందు ఆఫీసుకి రావాలి, గుర్తింపు కార్డు చూపించాలి. ఇంట్లో వాళ్ళు ముందు నడుస్తారు, నేను తలుపు వైపు ఉంటాను. నేలగదిలోకి నేను దిగను. ఇంకో సంగతి, బోర్డుల మీద నా ఫొటో తీసెయ్యండి. పేరు చాలు."

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుంది నీ వ్యవహారం. ఎవరొస్తారు ఇన్ని షరతులకి?"

"ఇల్లు కావలసినవాళ్ళు వస్తారు. మిగిలినవాళ్ళు రాకపోవడమే నాక్కావాలి. కుదరదంటే చెప్పండి, ఎదురు వీధి కంపెనీ వాళ్ళు రెండుసార్లు అడిగారు నన్ను."

అతను చాలాసేపు పెన్ను తిప్పుకుని, బోర్డులు మార్చడానికి ఖర్చవుతుందని సణిగి, సరేనన్నాడు. నా మాటల్లో అతనికి పట్టింది ఆ ఖర్చొక్కటే.

డిసెంబరు మధ్యలో ఒక పాడి రైతు ఆ తెల్ల ఇల్లు చూడడానికి వచ్చాడు. గుర్తింపు కార్డు అడిగితే మారుమాట లేకుండా తీసిచ్చాడు. నేలగది తలుపు దగ్గర ఆగి నా వైపు చూశాడు. కోటు కింద బరువు తెలుస్తోంది. "మీరు దిగి చూసి రండి, స్విచ్చి ఎడం పక్కన ఉంది. నేను ఇక్కడుంటాను," అన్నాను. అతను "అలాగేనండి" అని దిగాడు. హీటరు చూశాడు, గోడలు తట్టి చూశాడు, పైకొచ్చి బావి గురించి అడిగాడు. అంతే! అంత తేలికైన మాట అది. దాన్ని అనడానికి పిస్తోలు అక్కర్లేదు. కానీ పిస్తోలు ఎంచుకోవడానికి పోయి ఉండకపోతే, ఆ మాట కూడా నాదేనని నాకు తెలిసేది కాదు. పది రోజుల్లో ఇల్లు అమ్ముడైంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఉల్లిపాయలు కోసి, బంగాళాదుంపలు వేసి, బేకన్‌తో కలిపి వేయించడం మొదలుపెట్టాను. ఇల్లంతా ఘుమఘుమలాడిపోతోంది. రస్సెల్ ముక్కు ఎగబీలుస్తూ వంటింట్లోకి వచ్చాడు.

"రేపు రెండో విడత వేటని తెలుసుగా?"

"తెలుసు. నాకు ఆకలేసింది."

పొయ్యి ఆపెయ్యమనలేదు. మెత్తబడ్డాడు ఈ మధ్య, ఆ మాట కూడా చెప్పాలి. గులాబీ పిస్తోలు ఇచ్చేశానని తెలిసిన రోజు, "నా ప్రేమని మార్చుకున్నావు," అని మొహం చిన్నబుచ్చుకుని రెండు రోజులు మాట్లాడలేదు. తరవాత ఒక మంగళవారం, చెప్పకుండా క్వారీకి వచ్చి దూరంగా బండిలో కూర్చుని నేను కాల్చడం చూశాడట, ఓపల్ చెప్పింది. నాతో ఆ మాట అనలేదు.

బెల్టు విప్పి, ఒరతో సహా తీసి చేత్తో పట్టుకున్నాను. అతను అలవాటుగా చెయ్యి చాచాడు. "ఇలా తే, లోపల పెడతాను."

ఇవ్వలేదు. పడకగదిలోకి నడిచాను. వెనకే వచ్చాడు. నా వైపు మంచం పక్కన, నేలకి మరమేకులతో బిగించిన కొత్త ఇనప్పెట్టె ఉంది, రొట్టెల డబ్బా అంత. మధ్యాహ్నం నేనే డ్రిల్లు పెట్టి బిగించాను. నంబరు నొక్కాను, మూత లేచింది. లోపల పెట్టి మూసేశాను. రస్సెల్ దానివైపు, నావైపు మార్చి మార్చి చూశాడు. కోపం కాదు, నిజంగానే కంగారు. ఇంట్లో తనకి తెరుచుకోని తలుపు అతను ఎన్నడూ చూడలేదు పాపం.

"బాగుంది," అన్నాడు. "నంబరెంత?"

వంటింట్లో ఉల్లిపాయలు మాడుతున్నాయి. వెళ్తూ వెళ్తూ అతని భుజం మీద చెయ్యి వేశాను. నిజంగా ప్రేమగానే వేశాను.

"నంబర్లు నీకు గుర్తుండవు బంగారం," అన్నాను. "కావలసినప్పుడు అడుగు, నేను తీసిస్తాగా."